నా పొయ్యి మీద ఆయన మొక్కు

కాళ్ళకు నీళ్ళిచ్చిన. పీటేసిన. కూసుంటనే పిల్ల గదుమ పట్టుకోని నోరు తెరిపియ్యబడ్తివి. ఏం కనవడ్డది వదినె? కొత్తగ మొలిచిన దవడపండ్లు తప్ప ఇంకేమన్న దొరికిందా?

సిగ్గుపడకు. ఈ మధ్యన వాడల ఆడోళ్ళందరికి నా సైదమ్మ నోరు చూసుడే పని. ఎడ్ల అంగట్ల కోడె పండ్లు గూడ గంత పట్టిపట్టి చూడరు.

మీ అమ్మ నిన్ను హుజూర్‌నగర్ కెంచి ఎందుకు పిలిపిచ్చిందో నాకెరుకే. కొడుకు మాట చెల్లకపోతే ఆడబిడ్డ మాటకన్న కోడలు మెత్తబడ్తదని ఆమె ఆశ. రేపు పెద్దమనిషి ఎల్లస్వామి కులపోళ్ళను కూడగొట్టి నన్ను నడుమ నిలబెడ్తడట. పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి, "నేను దీనికి పాలు పొయ్యలే, మొక్కు చెడగొట్టలే" అని ఒట్టెయ్యాల్నట. వెయ్యకపోతే నన్ను మా అవ్వగారింటికి తోలి, పిల్లను ఈడనే ఉంచుకుంటరట.

నువ్వేమంటవ్? వేసెయ్, ఒడిసిపోతది అంటవ్. గంతే గదా. చెప్త, జర ఆగు. అన్నీ ఇని పో.

నా యారాలు రామమ్మ గోడ మీదికెంచి తొంగి చూసిందట. పిల్ల పెదువుల మీద తెల్లగ కనవడ్డదట. తెల్లగుంటే పాలే. మన కులం తెలివి గంతనే వదినె. పుట్టినకాడికెంచి మేక పొదుగు తప్ప ఇంకోటి చూడకపోతిమి. చూసినామె చూసి ఊకున్నా మంచిగుండేది. అంతల్నే వలస పోయిన నీ తమ్ముని మందల గొర్లు చచ్చినయని కబురొచ్చె. ఇగ ఏమున్నది? గొర్లు ఎందుకు చచ్చినయి? గోపమ్మ పిల్లకు పాలు పోసింది. గొర్రె కృష్ణ ఒడ్డున చస్తే, దాని కారణం కేతేపల్లి కాడ నా పొయ్యిల దొరికె.

మొక్కు నేను మొక్కిన్నా?

పోయిన వానకాలం చిటుకరోగం తాకి మంద సగం పాయె. గప్పుడు నీ తమ్ముడు కాటమయ్య, గట్టు మీది లింగమయ్య ముంగట నిలబడ్డడు. డోలు కొడ్తున్నరు. పూనకమొచ్చినోని లెక్క ఒర్లిండు. "మల్ల జాతర దాంక నా ఇంటి పొయ్యి మీద పాలు పొంగయి, నెయ్యి కాగది, తునకలు ఉడకయి, గుడ్డు పగలది. జీవాల కెంచి వచ్చింది ఏదీ నా పొయ్యి ఎక్కది" అన్నడు. అందరు శభాష్ అన్నరు. కొత్త గొంగడి కప్పిన్రు. ఇంత పెద్ద మొక్కు మన వాడల ఎవ్వలు మొక్కలేదన్నరు.

ఆ పొయ్యి ఎవలదని ఒక్కడన్న అడిగిండా? పొయ్యికి నోరు లేదు. పొయ్యి కాడ కూసున్నదానికి ఉన్నది గాని, దాన్ని అడుగరు.

ఇంక దీంట్ల తమాష చూడు. మొక్కింది పొయ్యికి గదా. పొయ్యి ఇడిసి బయటికి పోయేటోళ్ళకు మొక్కు అంటుకోదట. ఆయన మంద తోలుకోని కృష్ణ ఒడ్డుకు వలస పోయిండు. పోయేటప్పుడు "మొక్కు భద్రం" అన్నడు, దొడ్డి తడక భద్రం అన్నట్టు. ఆ ఒడ్డుకు మీ ఇల్లు దగ్గర. మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు ఏం పెట్టినవ్?

తల దించకు. నేను తప్పు పడ్తలే. సంతల మీ పెనిమిటి కలిసి తానే చెప్పిండు, బావమర్ది మల్ల మల్ల తునకలు ఏపిచ్చుకోని తిన్నడని. తినంగ తినంగ ఇంటికాడ మొక్కు ఎట్ల నడుస్తాందని ఫికర్ గూడ పడ్డడట. ఏం చెయ్యాలె, అది మీ పొయ్యి. లింగమయ్యకు మీ ఇంటి తొవ్వ తెల్వదు.

మీ అమ్మ సంగతి చెప్పుదునా? పొద్దుమీకంగనే గోడ అవతలికి, చిన్నకొడుకు ఇంటికి పోతది. రామమ్మ పొయ్యి వేరే గదా. ఆడ గట్కల పెరుగేసుకోని తిని, మూతి తుడుసుకోని వచ్చి, నా కుండల మూతలు తీసి వాసన చూస్తది. గోడకు ఇవతల మొక్కు, అవతల పెరుగు.

మరి మేకలు పిండుడు ఆగిందా? ఆగలే. పిండేది నేనే, సడకు మీది హోటల్ల పోసొచ్చేది నేనే. అమ్మితే మొక్కు చెడదట, మింగితే చెడ్తదట. చేతుల నిండ పాలవాసన పెట్టుకోని ఇంటికొస్తే మొదట్ల పిల్ల నా వేళ్ళు నాకేది. గది గూడ తప్పేనా అని ఎల్లస్వామిని అడగవల్సింది, మర్సిన.

నువ్వనేది నిజమే, రామమ్మ ఇంట్లన్న పిల్లకు తాగిపియ్యొచ్చు. నేను గదే అన్న. మీ అమ్మ ఒప్పుకుంటేగా. పుట్టెంటికలు తీసేదాంక పిల్ల తల్లి పొయ్యికే చెందుతదట. తల్లి పొయ్యి మీద ఏం ఉడికితే గదే తినాల్నట. చూసినవా, ఆయన పొయ్యి ఇడిసి ఊర్లు దాటొచ్చు. ఆమె గోడ దాటొచ్చు. మొన్ననే అడుగులేసుడు నేర్సిన పిల్లను మాత్రం పొయ్యి కాడ గుంజకు కట్టెయ్యాలె.

నా రొమ్ముల పాలు జరమొచ్చినప్పుడే ఎండిపాయె, నీకెరుకే. దాని తిండంత మేకపాలే. మొక్కు అన్న దినం కెంచి ఆపేసిన. అట్ల చూడకు, నిజంగనే ఆపేసిన. నేను గూడ భయపడ్డ. గొర్లు పోతే రేపు తినేదేందని నాకు మాత్రం లేదా? ఆ దినాలల్ల అది ఏడ్సిన ఏడుపు నీ తమ్ముడు ఇనలే. డోలు ఇన్నడు, శభాష్ ఇన్నడు, ఏడుపు మొదలయ్యేటాళ్ళకు మందెనుక పోయిండు.

"పాలు లేకుంటే ఏమాయె, ఉన్నయి వండుకోని తినుండ్రి" అంటడు ఎల్లస్వామి. పుట్టి బుద్ధెరిగినంక గంటె పట్టినోడైతే గదా. జొన్న గట్క సల్ల లేకుంటే గొంతుల దిగదు. చింతపులుసు పోసి కలిపితే నాకు సరిపోతది, పిల్లకు పండ్లు గుంజుతయి. కందిపప్పు గుజ్జు చేసి గట్కల పిసికి పెడ్తే ఇంత మింగుతది, ఇంత నా మీదనే ఊంచుతది. ఉలువకట్టు తాపితే కడుపుబ్బి రాత్రంత నా భుజం మీదనే. నువ్వులు దంచి బెల్లమేసి ముద్దలు చేసిన. అబ్బ, గవి ఎంత ఇష్టంగ తిన్నదో. ఎండలు ముదిరినంక వేడి చేసి ముక్కులకెంచి నెత్తురు కారె, గవీ బంద్ చేసిన. పల్లీలు ఏంచి, పొట్టు తీసి, మెత్తగ నూరి అంబలిల కలిపితే నడిచింది కొన్నాళ్ళు. పుంటికూర పప్పుల పులుపు తెల్వకుంట ఎంత వెయ్యాల్నో గది ఇప్పుడు నన్నడుగు.

ఇవన్ని ఎట్ల చేస్తననుకున్నవ్? కూసోని తీరుబాటుగ చేస్తన్నా? ఓ చేత్తోని రోకలి, ఓ చేత్తోని పిల్ల. అది రోట్లె చెయ్యి పెడ్తది. పిండిల కూసుంటది. ఉప్పు చిప్ప బోర్లిస్తది. దాన్ని తిట్టుకుంట, ముద్దుపెట్టుకుంట, పక్కకు గుంజుకుంట నూరాలె. మొక్కు మొక్కెటానికి ఆయనకు ఒక్క ఊపిరి పట్టింది. ఆ మొక్కు నడిపెటానికి నాకు పొద్దంత రోలే.

అయినా పిల్ల బక్కపడుతనే ఉండె. ఆకరికి మా అవ్వ చేసేది యాదికొచ్చింది. మా మహబూబ్‌నగర్ దిక్కు నల్లరేగళ్ళల్ల జొన్నచేను చుట్టు కుసుమలు ఏస్తరు. ముండ్లు గదా, జీవాలు లోపలికి రావు. మన గొల్లోళ్ళకు కుసుమ చెట్టు చూస్తేనే మంట, మందకు అడ్డమని. దాని గింజల పాలు తీస్తరని మనకెట్ల తెలుస్తది? మా అవ్వ కాపోళ్ళ చేండ్లల్ల కూలికి పోయి నేర్సుకున్నది. గింజలు నానబెట్టి, రోట్లె మెత్తగ నూరి, నీళ్ళు పోసి బట్టల పిండాలె. తెల్లగ దిగుతయి. సన్నమంట మీద కలుపుకుంట కాగబెట్టాలె, మంటెక్కువైతే ఇరుగుతయి. ఇంత బెల్లం. మస్తుగ తాపితే కడుపు జారుతది, గందుకే సగం ముంతనే.

మొదటిసారి తాగినప్పుడు ముంత బోర్లిచ్చి లోపలికి చూసింది వదినె, ఇంకున్నయా అని. నేను రోలు పక్కన కూసోని ఏడ్సిన.

గవే పాలు రామమ్మ చూసింది.

చెప్పకేం, చెప్పిన. ఎల్లస్వామి అరుగు కాడికే పోయి చెప్పిన. "మామా, అవి కుసుమ పాలు, చేన్ల పండినయి, జీవానికి సమ్మంధం లేదు" అన్న. ఆయన మీసం దువ్వుకుంట, "ముండ్ల చెట్టుకు పొదుగుంటదానె గోపమ్మా" అన్నడు. పక్కనున్నోళ్ళు పొట్ట పట్టుకోని నవ్విన్రు. నవ్వుండ్రి, నవ్వినంక వచ్చి చూడుండ్రి, మీ కండ్ల ముంగటనే నూరి పిండి చూపిస్త అన్న. ఆడదాని రోలు కాడికి పెద్దమనుషులొచ్చి కూసుంటే ఇజ్జత్ పోతదట. ఒట్టయితే ఇంటరట.

జర ఆలోచన చెయ్యి. కండ్లతోని చూసేదానికి రారు. పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టమంటరు. నాది అబద్ధమైతే పిల్ల పోవాల్నని గదా ఆ ఒట్టుకు అర్థం? మీ తమ్మున్ని ఎవలన్న గిట్ల బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి, "బయట తునకలు ముట్టలే" అనమన్నరా?

ఇంకొక ముచ్చట. నన్ను తోలేస్తే పిల్ల ఏడ ఉంటది? మీ అమ్మ కాడ. తల్లి లేని పిల్లకు తల్లి పొయ్యి ఉండదు గదా, రామమ్మ పొయ్యి మీద తింటది. ఆడ పాలు తాగొచ్చు, పెరుగు తినొచ్చు, మొక్కు చెడది. అంటే నా బిడ్డ పాలు తాగితే లింగమయ్యకు ఏం అడ్డం లేదు. నా చేత తాగితేనే అడ్డం. గింత లెక్క తెల్సిన దేవుడు చిటుకరోగాన్ని మందలకు ఎట్ల రానిచ్చిండో నాకు సమజ్ కాదు.

అవు, నువ్వన్నది ఇన్న. "నిజమే గదా, నువ్వు పొయ్యలేదు గదా, ఒట్టుకు భయమెందుకు" అంటున్నవ్.

నిన్నటి దాంక అయితే వేసేదాన్ని. మనసు చంపుకోని, పండ్లు కొరుక్కోని వేసేదాన్ని, నిజమే గనుక. ఇయ్యాల వెయ్యలేను.

పొద్దుగాల మేకలు పిండిన. హోటలుకు పోవాల్సిన పాల సర్వ చంకనెత్తుకోని వాకిలి దాంక పోయిన. రామమ్మ గోడ కాడ నిలబడ్డది, కండ్లు పిల్ల మూతి మీద. నా కాళ్ళు ఆడనే ఆగినయి. చెయ్యని తప్పుకు రేపు నిలబెడ్తరు. చెయ్యలేదని చెప్తే నవ్వుతరు. ఇంక చెయ్యకుంట ఉండి ఎవలకు లాభం?

ఇంట్లకు మర్లి వచ్చిన. పొయ్యి రాజేసి సర్వ మీద పెట్టిన. దొడ్లె మేక కిందనే పచ్చివి తాగిపిస్తే పొయ్యి ముట్టలేదని సాకు చెప్పొచ్చు. ఆ ఉపాయం నాకూ తట్టింది, మీ అందరిని చూసి నేర్సిందే. వద్దనుకున్న. తలుపు బార్ల తెరిచిన. పొంగుతుంటే గంటె పెట్టలే, పొంగనిచ్చిన. కట్టెల మీద వడి చుయ్యిమన్నది. వాసన వాడ చివర దాంక పోయుంటది.

ఏందా కండ్లల్ల నీళ్ళు? ఉండు, తుడుసుకో. నువ్వేం చెప్పబోతున్నవో నాకు తెల్సు. "తల్లి కడుపు ఊకోలే, పిల్ల కోసం చేసింది, ఈ ఒక్కపారికి మాఫ్ చెయ్యుండ్రి" అని నా తరపున బతిమిలాడుతవ్. పిల్ల పేరు చెప్తే ఎల్లస్వామి గూడ కరుగుతడు. తప్పు పైసలు కట్టిపిచ్చుకోని ఇడుస్తడు.

పిల్ల తాగలే వదినె.

ముంత మూతి కాడ పెడ్తే వాసన చూసి మొఖం తిప్పుకున్నది. మల్ల పెడ్తే చేత్తోని తోసేసింది. మేకపాలు అంటే ఏందో దానికి యాది లేదు.

నేను తాగిన. నిలబడి తాగిన, మీగడతోని, సర్వ అడుగు కనవడేదాంక. కడుపుల వెచ్చగ దిగుతుంటే గప్పుడు తెలిసింది, నాకూ ఆకలైతాందని. ఇన్ని నెలలు పిల్ల ఏం తిన్నదని అడిగిన్రు, మొక్కు ఎట్లున్నదని అడిగిన్రు. నేను ఏం తింటున్ననో నన్నెవలు అడుగలే. నన్ను నేను గూడ అడుక్కోలే.

రేపు పిల్లను చంకనేసుకోనే పోత. దాని నెత్తి మీద చెయ్యి పెట్ట, దాని పేరు చెప్పి మాఫీ అడుగ. పిల్లను నా చంకల కెంచి ఎవలు గుంజుతరో చూస్త, ఆ చెయ్యి మీద నా పండ్లు పడ్తయి.

లే, ఇగ పో. మీ అమ్మ గోడ అవతల చెవి పెట్టుకోని కూసున్నది. గోపమ్మ పొయ్యబోయింది, పిల్ల తాగలే, తనే తాగింది అని చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు. నా మీద జాలి కలిపి చెప్పకు.