ఉడుత ఏడుపు

కార్టూన్ సినిమాల్లో ఉడుతపిల్లకు గొంతిచ్చే ఆమె, ఈసారి దాని వీడియో గేమ్ కోసం మైకు ముందు నిలబడింది. అద్దం అవతల రికార్డింగ్ కుర్రాడు.

"అక్కా, ఇంకొక్కటే. 'వెళ్లిపోకు, నాకు భయం' అని వెక్కివెక్కి ఏడవాలి."

"సినిమాల్లో ఇదెవర్నీ బతిమాలలేదే! ఎక్కడొస్తుందిది?"

"పిల్లలు ఆట ఆపబోయినప్పుడు."

"అయినా ఆపేస్తే?"

"ఆపరక్కా. పాత సినిమాలోని మీ ఏడుపు అతికించి కొందరు పిల్లలకిచ్చి చూశాం. ఒక్కరూ కదల్లేదు."

ఆమె చేతిలోని కాగితం పక్కన పెట్టింది.

"పొద్దున మా పాపకని నువ్విచ్చిన ఆట..."

"అదే. నచ్చిందా?"

"ఇందాక ఫోన్ చేసి, ఆట ఆపి అన్నం తినమన్నాను. 'ముందు నువ్వు ఏడుపు ఆపమ్మా, నేనెక్కడికీ వెళ్లట్లేదుగా' అంది."