డ్రాయింగ్ సర్‌కి పిలుపొచ్చింది

(హిందీ ప్రాంతంలోని రిసాలిలో ఒక స్కూలు. తన గదిలో వైస్ ప్రిన్సిపాల్ ఛాయ. ఎదురుగా ఆమె తండ్రి భుజంగరావు. ఉక్కు కర్మాగారంలో సేఫ్టీ ఆఫీసరు ఉద్యోగాన్ని, సర్వీసు ఇంకా ఉండగానే వదులుకుని ఈమధ్యే ఇక్కడ డ్రాయింగ్ టీచరుగా చేరాడు. కూతురు ఎందుకు పిలిపించిందో తెలియక కాస్త బెదురుగానే ఉన్నాడు.)

“తలుపెందుకు వేశావమ్మా?”

“స్కూల్లో అమ్మా అనొద్దన్నాను కదా నాన్నా.”

“మరి నువ్వు నాన్నా అన్నావు కదేటి.”

“సరే. భుజంగరావు సర్, కూర్చోండి.”

“నిలబడతాన్లే మేడమ్. గేటు సంగతేనా?”

“గేటు సంగతేటి?”

“ఏం లేదు. పిల్లల్ని కాస్త గేటు బయటికి తీసుకెళ్లాను.”

“ఎవరినడిగి?”

“వాచ్‌మేన్‌ని. గుప్‌చుప్ పూరీల బండి చూసి బొమ్మ గీయమన్నాను. ఊరికే చూడ్డమే. తినలేదు.”

“నిజంగా?”

“తర్వాత తిన్నాం.”

“నాన్నా...”

“సేఫ్టీ చూసుకున్నానమ్మా. ఇద్దరిద్దరు చేతులు పట్టుకుని నడిచారు. ముందు నేను, వెనక వాచ్‌మేన్. ప్లాంటులో కూడా అంత బుద్ధిగా నడిచినోళ్లని చూళ్లేదు.”

“నేను పిలిచింది దానికి కాదు.”

“అయితే ఆకాశం గురించి. ఎవరో పేరెంటు నీ దాకా వొచ్చారన్నమాట.”

“ఆకాశానికేమైంది?”

“ఎర్రరంగు వేశారు. అయిదో క్లాసు మొత్తం. నేనే వెయ్యమన్నాను. మత్లబ్, అంటే వెయ్యమన్లేదు. రాత్రి మేడెక్కితే ఏటి కనిపిస్తాదో అది వెయ్యమన్నాను. ప్లాంటులో ఎర్రగా కాలే స్లాగ్ పోసినప్పుడు మన ఆకాశం అలాగే కదా ఉంటాది. అంతకుముందు అందరిదీ ఒకటే బొమ్మ. కొండ, ఏరు, రెండు కొబ్బరిచెట్లు. ఎక్కడ చూశార్రా అంటే ఒక్కడూ మాట్లాడ్డు.”

“స్టోర్ వాళ్లు ఎర్రరంగు అయిపోయిందని మొత్తుకుంటున్నది అందుకా.”

“దానిక్కూడా కాదా పిలిచింది?”

“కాదు.”

“మరి మార్కులకా?”

“మార్కులేం చేశావు?”

“అందరికీ ఫుల్లు.”

“నాన్నా, ఒక్క నిమిషం నన్ను చెప్పనివ్వు. గురునాథరావు అంకుల్ ఫోన్ చేశారు. క్లాసులో నీ ఫోను ఆపేశావని నాకు చేశారు.”

“ప్లాంటులో నాతో చేసిన గురునాథమా? ఏటంటాడు?”

“సేఫ్టీ అడ్వైజర్ పోస్టు నీకే ఇప్పిస్తారట. ఇంటికి కారు పంపిస్తారట. సోమవారం నుంచి రమ్మన్నారు.”

“నేనడగలేదు కదమ్మా వాణ్ణి.”

“నేనడిగాను.”

“నువ్వా?”

“నువ్వు చేరిన కొత్తలో. స్టాఫ్‌రూమ్‌లో అందరూ నవ్వేవాళ్లు. ఆఫీసరుగా చేసిన మనిషి, చేతుల నిండా రంగులతో చిన్నపిల్లల వెనకాల పరిగెడుతుంటే... నాకు శరమ్‌గా, తలెత్తుకోలేనట్టు ఉండేది. అమ్మ కూడా అడగమనే అంది.”

“ఊఁ.”

“ఏటి, ఊఁ?”

“ఏం లేదు. మీరిద్దరూ అనుకున్నారంటే నా మంచికే అనుకునుంటారు. కారు కూడానంటున్నావు.”

“మరి నీకేది ఇష్టం?”

“నాదేముందమ్మా. అన్నేళ్లూ అందరికీ ‘అది ముట్టుకోకు, ఇటు రాకు’ అనే చెప్పాను. ఇక్కడికొచ్చి ‘ముట్టుకో, పూసెయ్, ఏం కాదు’ అంటున్నాను. బాగుంది. అంతే.”

“అంతేనా?”

“ఈ వారం దాకా ఉండనిస్తావా? అయిదో క్లాసులో ఇంద్రజ అని ఓ గుంట ఉంది. ఎవరితోనూ మాట్లాడదు. నిన్ననే మొదటిసారి, రంగు ఇమ్మని నా దగ్గరకొచ్చి చెయ్యి జాపింది.”

“చూశాను. కిటికీలోంచి.”

“నువ్వెప్పుడొచ్చావు?”

“రోజూ వొస్తాను. రౌండ్లకి.”

“ఆ నవ్వేవాళ్లతో పాటా?”

“ఇప్పుడెవరూ నవ్వట్లేదు నాన్నా. వాళ్లు కూడా ఆ కిటికీ దగ్గరే నిలబడుతున్నారు.”

“పోన్లే. గురునాథానికి నేనే ఫోన్ చేసి వొస్తానని చెప్తాను. నువ్వడిగాక కాదంటే నీ మాట పోతాది.”

“అక్కర్లేదు. నేను చెప్పేశాను.”

“ఏటని?”

“సోమవారం మా డ్రాయింగ్ సర్‌కి ఒక్క పీరియడూ ఖాళీ లేదని.”