మావగారు కూర్చోబెట్టిన ఇంజను

కూర్చోదని ఎవరన్నారు? మీ ఆయనా? ఒక కంపెనీ బండిలో ఇంకో కంపెనీ ఇంజను కూర్చోదంటాడా! ఉండు, ఆ కుర్చీ ఇలా లాక్కో. అది కాదే, దానికి ఒక కాలు వదులు, ఆ నీలంది. ఆఁ. మీ అమ్మమ్మ నీకు చెప్పలేదూ? దానికేం గుర్తుంటుందిలే, మా చెల్లెలికి నిన్న ఏం వండిందో అడిగినా గుర్తుండదు. మా మావగారు ఉండేవారే, మీ పెద్దతాత వాళ్ళ నాన్న, ఈ షెడ్డు ఆయనదే. మాట తక్కువ, దగ్గు ఎక్కువ. నడుస్తున్న ఇంజను మీద చెయ్యి పెట్టి 'మూడోదానికి దాహంగా ఉందిరా' అనేవారు. అంటే మూడో సిలిండరుకి డీజిలు సరిగ్గా అందట్లేదని. విప్పి చూస్తే నిజమే! అప్పటికి నాకు పెళ్ళయి రెండేళ్ళు. గరిటె కాని ప్రతిదీ నాకు స్పానరే.

ఇంతకీ ఆయన వేరే కంపెనీ ఇంజను కూర్చోబెట్టిన పికప్ బండి ఎవరిదంటే, ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆవిడది. ఊరంతా దుప్పట్లావిడనే అనేవాళ్ళు. పొద్దున్నే మాసినవి తెచ్చుకునేది, సాయంత్రానికి ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి దింపేసేది. బండి తనే నడిపేది. మనిషి ఇంతే ఉంటుంది, కింద రెండు దిండ్లు వేసుకుని కూర్చున్నా బయట్నుంచి చూస్తే బండి దానంతటదే పోతున్నట్టుండేది. ఓరోజు దాన్ని తాడు కట్టి లాక్కొచ్చారు. ఇంజను బ్లాకు, అదే సిలిండర్లుండే ఇనుప దిమ్మ, పగిలిపోయింది, నా చిటికెనవేలు దూరేంత పగులు. ఆ కంపెనీయేమో ఎప్పుడో మూతబడింది, సామాను ఎక్కడా దొరకదు. ఆవిడ గుమ్మంలో నిలబడి, 'మేస్త్రిగారూ, ఆసుపత్రివాళ్ళు పది రోజులు ఆగుతామన్నారు. అప్పటిదాకా తోపుడుబండి మీద తోసుకొస్తాను. ఆ తర్వాత పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట' అంది. ఏడవలేదు. ఏడ్చినా బావుండేది, ఏదో ఒకటి చెప్పి ఓదార్చేవాళ్ళం.

మీ పెద్దతాత అక్కడే ఉన్నాడు. 'నాన్నా, దాన్ని పాత ఇనుముకి వేసేసుకోమని చెప్పు. నువ్వు బిగించిన పనులే నెలకి రెండు తిరిగొస్తున్నాయి. షెడ్డు మూసేద్దాం అనుకున్నాం కదా' అన్నాడు. అలా అనుకున్నది ఈయనొక్కడేలే. మావగారు మర్నాడు పాత సామాన్ల యార్డుకెళ్ళి, బోల్తాపడిన వ్యాను ఇంజను ఒకటి ఆటోలో వేసుకుని వచ్చేశారు. వేరే కంపెనీది. 'దీనికి ఒళ్ళే పోయింది అమ్మాయీ, గుండె బానే ఉంది' అన్నారు.

నేను టీ తీసుకెళ్ళాను. చూస్తే ఆయన వెర్నియర్... అదే, సన్న కొలతలు తీసే ఇనుప స్కేలులాంటిది ఉంటుంది, దాన్ని వెలుతురుకేసి ఎత్తుతారు, దింపుతారు, మొహానికి ఆనించుకుంటారు. 'మావయ్యా, తిరగేసి పట్టుకున్నారేమో' అన్నాను. నాకేం తెలిసి కాదు, అంకెలు తలకిందులుగా కనపడ్డాయి, అంతే. ఆయన అలా పాత టైరు మీద కూలబడిపోయారు. 'ఎనిమిది నెలలైందమ్మా. చూపు మధ్యలో మబ్బు పట్టేసింది. చుట్టూ ఉన్నవన్నీ కనిపిస్తాయి, నేను చూడాలనుకున్నదే కనపడదు. డాక్టరు ఇంక ఆ చూపు రాదన్నాడు. వాడికి చెప్పకు' అన్నారు.   'చెప్పను గానీ, ఆ గీతలేంటో నాకు చెప్పండి' అన్నాను.

అదిగో, అలా మొదలైంది. అసలు ఇబ్బంది ఏంటంటే, గేరుబాక్సు పాత బండిదే, ఇంజను కొత్తది, దీని బోల్టు రంధ్రాలూ దాని బోల్టు రంధ్రాలూ కలవవు. అందుకని మధ్యలో మందపాటి ఇనుప పలక పెట్టాలి, ఇటువైపు రంధ్రాలూ అటువైపు రంధ్రాలూ రెండూ దాని మీదే వెయ్యాలి. వినడానికి ఏముంది! కానీ ఇంజను ఇరుసూ గేరుబాక్సు ఇరుసూ సూటిగా ఒకే వరసలో ఉండాలి, వెంట్రుకవాసి పక్కకి పోయినా గోల పెట్టేస్తుంది. ఇంజను మొహానికి అట్టముక్క ఆనించి చిన్న సుత్తితో టకటకా కొట్టమన్నారు. ఎక్కడ రంధ్రం ఉందో అక్కడ అట్ట తెగుతుంది, అచ్చు దిగిపోతుంది! నాకెంత సరదా వేసిందో. తర్వాత కొలతలు. నేను చదవడం, ఆయన వేలితో తడిమి 'మళ్ళీ చదువు' అనడం. ఏడు రోజులు! ఇంట్లో అన్నం మాడింది, మీ పెద్దమ్మ అప్పటికి చంటిది, దాన్ని ఇక్కడే టూల్‌బాక్సు పక్కన పడుకోబెట్టేదాన్ని.

ఎనిమిదో రోజు లేతు మిషను దగ్గర పలక కోయించుకొచ్చి, బిగించి, స్టార్ట్ చేశాం. ఇంజను అందుకుంది గానీ కింద నుంచి కూఁ... అని ఒకటే కూత. మావగారు పొడుగాటి స్క్రూడ్రైవరు గేరుబాక్సు మీద ఆనించి, పిడికి చెవి పెట్టి, 'ఆపు' అన్నారు. కాగితం తీసి చూసుకున్నాను కదా, ఒక రంధ్రం కొలతలో చివరి అంకె ఆరు రాయాల్సింది ఎనిమిది రాశాను. నా కళ్ళు బాగుండే ఈ నిర్వాకం! ఇహ ఏడుపు ఆగలేదు. సరిగ్గా అప్పుడే మీ పెద్దతాత వచ్చి, నా చేతిలో కొలతల కాగితం చూశాడు. 'చెప్పానా నేను! అయినా కొలతలు తను తీయడమేంటి? నువ్వేం చేస్తున్నావు?' అన్నాడు.  అప్పుడు మావగారే, 'నాకు కనపడట్లేదురా' అన్నారు. అంతే. మీ పెద్దతాత మొహం చూడలేకపోయాను నేను. చొక్కా చేతులు మడిచి, 'ఏ వైపు నుంచి ఎత్తాలి?' అన్నాడు మీ పెద్దతాత. మావగారు నాకేసి తిరిగి, 'నేను మొదటిసారి పిస్టన్లే తిరగేసి బిగించాను. మా గురువు టీ ఇప్పించి మళ్ళీ విప్పించాడు. నువ్వూ తాగు' అన్నారు.

పదో రోజు మధ్యాహ్నానికి అయింది. ఈసారి స్క్రూడ్రైవరు చెవి దగ్గర పెట్టుకుని ఎంతసేపు ఉన్నారో!  'ఊఁ' అన్నారు. అంతే, ఇంకేం లేదు, ఊఁ! ఆవిడ దుప్పట్లన్నీ వేసుకుని ఆసుపత్రి ఎత్తు మీదకి తీసింది. పక్కన మావగారు, వెనకాల మూటల మీద నేను. ఆ ఎత్తు పాత ఇంజను మొదటి గేర్లో మూలుగుతూ ఎక్కేది. ఇది రెండో గేర్లో గునగునా పోతోంది. 'మేస్త్రిగారూ, నేను తొక్కకుండానే ఎక్కేస్తోందండీ!' అని ఆవిడ ఒకటే అరుపు. మావగారు వెనక్కి బొటనవేలు చూపించి, 'మేస్త్రి మూటల మీద కూర్చుంది, ఆవిడకి చెప్పు' అన్నారు.

షెడ్డు మూయడం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆరేళ్ళున్నారు ఆయన ఆ తర్వాత. చివరి ఏడాది ఏదో లారీ వచ్చింది, వణుకుతోంది, ఎందుకో నాకు అంతుపట్టట్లేదు. ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఇంజను మీద పెట్టించాను. 'నువ్వు చెప్పు ముందు' అన్నారు. చెప్పాను. 'నాకూ అదే అనిపించింది' అన్నారు. నిజంగానే అనిపించిందో, నా కోసం అన్నారో...

ఆఁ. చినుకులు పడుతున్నట్టున్నాయి. ఆ కిటికీ వేసెయ్యి, అమ్మడూ.