సారు మాట ఇనేదెట్ల

"అవ్వా, తాత క్యాసెట్టు పెడితే నాకు మిక్సీలో గోలీలు ఏసి తిప్పినట్టుండాది. నీకెట్ల అర్థమయ్యేది?" అని అవ్వ చెవి దగ్గర అరిసి అడిగినాను. అంతే. టేపురికార్డరు ఆపిచ్చి, నా ఫోనులో రికార్డింగు పెట్టిచ్చి తన ఒళ్లో పెట్టుకోని, అవ్వ కథ ఎత్తుకునింది.

మిక్సీనా? నవ్వు, నవ్వు. మీ తాత ఉండుంటే నీకంటే ముందు ఆయనే నవ్వుండును. తన మాటని తానే 'గంజి ఉడికే సద్దు' అనేవోడు. ఆ మాట గూడా ఎవురికీ అర్థమయ్యేది గాదు. నేనొక్కదాన్నే నవ్వేది, సుట్టూ ఉండేవోళ్లు ఈమెకేమొచ్చిందబ్బా అని నన్ను సూసేది.

ఇనుకో. యూనివర్సిటీవోళ్లు ఆ క్యాసెట్టు అడిగినారు కదా. ఇస్తా. ఇచ్చేలోపల ఆయన మాట ఇనేది నీకు నేర్పాల. నా చెవులు సూస్తా ఉండావు కదా, ఈ మిషను పెట్టుకున్నా పక్కింటి కుక్క తప్ప ఏమీ ఇనపడదు. నేను పోతే ఆయన మాట ఇనేవోళ్లు ఈ లోకంలో ఒకరూ ఉండరు మే. అందుకే నిన్ను కూర్చోబెట్టింది, జంతికలు తినేదానికి గాదు.

యాడ మొదులుపెట్టాల... నగిరి నుంచే. మా నాయనకు నాలుగు మరమగ్గాలుండె. పొద్దున లేస్తే టకటకా టకటకా. కరెంటు పోతేనే మా ఇంట్లో నిదానం. అప్పుడు గూడా అరిసే మాట్లాడుకునేది, అలవాటు తప్పక. మా అమ్మ మగ్గాల ఆ పక్క నుంచి 'మే, చారులో ఉప్పేసినావా' అంటే, ఈ పక్క నాకు ఇనపడేది. ఎట్లంటావా? గోలని పట్టుకోగూడదు. దాని దావన దాన్ని పోనీయాల. మగ్గం కొట్టే ఒక తట్టుకీ ఇంకో తట్టుకీ నడాన రవంత సందుంటాది సూడు, మాట ఆ సందులో ఉంటాది. మా వీధిలో పాలు తాగే పిలకాయలకు గూడా తెలుసు ఇది.

ఆ వీధోడే మునిరత్నం. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న. తిరపతిలో మీ తాత కింద రీసెర్చి చేస్తా ఉండె. మీ తాతకు అప్పటికే నరాల జబ్బు. చేతికర్రతో నడిచేది. నాలిక మందమై మాట ముద్ద ముద్దగా వచ్చేది. యూనివర్సిటీ మొత్తానికి ఆ మాట తెలిసింది మునిరత్నానికే, నగిరోడు గదా. క్లాసులో సారు ఒక మాట అంటే ఈయన పక్కన నిలబడి గట్టిగా చెప్పేది. రవంత తన సొంతం గూడా కలిపేది. సారు 'రేపు పరీక్ష' అంటే, ఈయన 'రేపు పరీక్ష, సినిమాకు పోయినోళ్లు నా కంట్లో పడొద్దు' అనేది. పిలకాయలు సారుకు భయపడేది, పాపం ఆయన అట్ల అనిందే లేదు.

ఆ మునిరత్నమే నా సంబంధం ఎత్తుకోనొచ్చింది. మా నాయన అడిగింది ఒకే మాట, ఉద్యోగం పర్మినెంటా అని. ఒక ఆదివారం బస్సెక్కి వచ్చినారు పెండ్లిచూపులకు. రూపాయిన్నరో ఏమో అప్పుడు బస్సుకు, ఇప్పుడా డబ్బుకు బజ్జీ వాసన గూడా రాదు. నేను అలసంద వడలు చేసినా... గాదు గాదు, వడలు పెండ్లయినాక మొదుటి పండగకు. ఆ పొద్దు అరిటికాయ బజ్జీలే.

మీ తాత తెల్లచొక్కా ఏసుకోని, కర్ర గోడకానిచ్చి కూర్చోనుండాడు. ఏదో ఆర్డరు తొందరని మా నాయన మగ్గాలు గూడా ఆపలేదు. నేను బజ్జీల తట్ట పెట్టి, తలుపు సాటుకు పోయి నిలబడినా. మీ తాత మునిరత్నంతో ఏమో అన్నాడు. 'ఏమంటుండారు అల్లుడుగారు?' అన్నాడు మా నాయన. అప్పుడే అల్లుడుగారు, సూడు! మునిరత్నం రెప్ప గూడా కొట్టకుండా, 'బజ్జీలు బలే ఉండాయంటుండారు చిన్నాయనా' అన్నాడు.

నేను ఇన్నా మే. ఆయన బజ్జీల మాటే ఎత్తలేదు. 'నా జబ్బు సంగతి ఆ పిల్లకు చెప్పినావా లేదా? ఇది తగ్గేది గాదు, పెరిగేదే. కాళ్లు పోతాయి, ఈ రవంత మాట గూడా పోతాది. చెప్పి, వద్దనమను.' అదీ ఆయన అనింది.

తలుపు సాటు నుంచే, 'చెప్పలేదు' అన్నా.

మగ్గాలు ఆగలేదు గానీ ఇంట్లో అందురూ ఆగిపోయినారు. 'ఏం చెప్పలేదు మే?' అన్నాడు మా నాయన. మునిరత్నం కండ్లతోనే నాకు దండం పెడతా ఉండాడు. సరేలే పాపం అన్న గదా అని, 'బజ్జీల్లో ఉప్పు తక్కువని ఎవురూ చెప్పలేదు' అన్నా.

మీ తాతకు తాగే కాఫీ ముక్కులో నుంచి వచ్చింది. తెల్లచొక్కా అంతా మరకలు. నవ్వి నవ్వి, తలుపు దిక్కు తిరిగి, 'నీకు ఇనపడిందా?' అన్నాడు. 'ఇనపడింది' అన్నా. 'అయినా?' అన్నాడు.

మగ్గం ఒక తట్టు కొట్టింది. ఇంకో తట్టు కొట్టింది.

'అయినా' అన్నా.

మా నాయనకు ఏమీ అర్థం గాక, ఇంగో బజ్జీ ఎత్తుకునె.

(ఈడ అవ్వ సిగ్గుపడింది. ఫోనులో సిగ్గు పడదు కాబట్టి నేను రాస్తుండాను. "తెలిసి తెలిసి ఎందుకు ఒప్పుకున్నావు?" అని గూడా అడిగినాను.)

ఎందుకంటే ఏం చెప్పేది. అంతకు ముందు నన్ను సూసేదానికి వచ్చినోళ్లంతా లేనిది ఉండాదని చెప్పినోళ్లే. ఉండే కష్టం ముందే చెప్పి, వద్దనమన్నోడు ఆయనొక్కడే.

తిరపతిలో కొర్లగుంటలో మిద్దిల్లు అద్దెకు తీసుకున్నాం. ఆయన పని ఏందంటే, రేడియో అలల్ని పైకి పంపిచ్చేది, ఆకాశంలో శానా ఎత్తు నుంచి మళ్లుకోని వచ్చే రవంత సద్దును పట్టుకోని, ఆడ గాలి ఎట్ల పోతుండాదో లెక్కగట్టేది. రవంత అంటే ఎంత అని అడిగితే, 'కొండమీద ఎవురో గుసగుసలాడితే, నువ్వు తిరపతి బస్టాండులో నిలబడి ఇనేంత' అనేవోడు. దానికని ఊరిబయట బీడులో స్తంభాలు నాటి తీగెలు కట్టినారు. సూస్తే అచ్చం దండేలే. నన్ను పిల్చుకోని పోయిన పొద్దు, ఊరికే ఉండలేక తడిచీర ఒకటి ఆరేసినా. మునిరత్నం లబలబలాడతా పరిగెత్తుకోనొచ్చినాడు. మీ తాతేమో, 'తిట్టొద్దురా, ఆకాశంలో నగిరి చీర మేఘం కనిపెట్టినాం' అన్నాడు.

మా మగ్గాల సంగతి చెప్తే, పిలకాయ మాదిరి మళ్లా మళ్లా చెప్పిచ్చుకునేది. ఒకే అలని మళ్లా మళ్లా పంపిస్తే, గోల ఒక్కోసారి ఒక్కో మాదిరి ఉంటాది గాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకోని పోతాదంట, అసలు సద్దు మిగుల్తాదంట. 'మీ అమ్మ ఉప్పు అడిగినట్టే మే' అన్నాడు. ఆ మిగిలేదాన్ని ఏరేదానికి ఆయనొక లెక్క కట్టినాడు, ఆ లెక్కకే పేరొచ్చింది. ఢిల్లీ వోళ్లు, తెల్లోళ్లు మా వరండాలో వరసగా కూర్చోని ఆయన నోరు దిక్కే సూసేది, మునిరత్నం ఇంగిలీసులో చెప్పేది. వాళ్లు ఉండుండి పకపకా నవ్వేది. సొంతం యాడ కలిపినాడో నాకు తెలిసిపోయేది.

ఇంగో సంగతి, అంత ఎత్తు గాలి తెలిసినోడికి మా మిద్ది మీద వాన తెలిసేది గాదు! వస్తాదన్న పొద్దు ఒక్క సినుకు పడేది గాదు. రాదన్న పొద్దు వడియాలు నానిపోయేది. అడిగితే, 'నా లెక్క మేఘాలకు శానా పైన మే' అనేవోడు. బలే సౌకర్యం గదా?

చెప్పినట్టే కాళ్లు పోయె. సైకిలంగడోడు చక్రాల కుర్చీ చేసిచ్చినాడు. మునిరత్నానికి బొంబాయిలో ఉద్యోగమొచ్చి, ఏడ్సుకుంటానే పాయె. పోయే ముందర, సారు ఇంట్లో పాఠం చెప్తా ఉంటే ఈ క్యాసెట్టు పట్టిచ్చినాడు. మాట సన్నబడతా సన్నబడతా వచ్చింది. చివర్లో నేను తప్ప ఇంకెవురూ లేరు ఇనేదానికి. పక్కన కూర్చోని కండ్లు మూసుకునేది నేను, ఆయన పెదవులు సూస్తే తొందరపడి నేనే మాట ఊహిచ్చుకుంటానని. ఎంత సన్నమైనా మాట ఉండె మే, ఆయన పోయే పొద్దు దాకా ఉండె.

ఇప్పుడు ఆయన పేరుతో పెద్ద హాలుండాది. ఆ లెక్క పిలకాయలకు పాఠంలో ఉండాదంట. ఫోటో ఉండాది, దండ ఉండాది. ఆయన్ని తెలిసినోళ్లు శానామంది. ఆయన్ని ఇన్నోళ్లు మేమిద్దరమే. పోయినేడు మునిరత్నం గూడా పాయె. మొన్న క్యాసెట్టు పెట్టుకుంటే, నాకు బుస్సుమనడం తప్ప ఏమీ ఇనపడలేదు. ఆయన పోయిన పొద్దు గూడా అంత భయపళ్లేదు నేను.

సరే, జంతికల తట్ట పక్కన పెట్టు. కరకరమంటే యాడ ఇనపడతాది? పాఠం నడాన ఒకచోట ఆయన వంటింటి దిక్కు తిరిగి నాతో మాట్లాడతాడు. ఏమన్నాడో ఎవురికీ చెప్పలేదు, నీకూ చెప్పను. మాట కోసం ఎతకొద్దు. గోలని పోనీ. పెట్టు.

(పెట్టినాను. మిక్సీనే. అవ్వ నా మొగమే సూస్తా ఉండాది. రెండోసారి పెట్టినాను. మిక్సీనే, రవంత నిదానంగా. మూడోసారి నేను గూడా కండ్లు మూసుకున్నాను. "అవ్వా... 'మే' అంటుండాడు," అన్నాను. అవ్వ జంతికల తట్ట ఇంకా దూరం జరిపింది. "'మే, వాన వచ్చేట్టుండాది... మిద్ది మీద మిరపకాయలు ఎత్తెయ్' అంటుండాడు అవ్వా!")

...

రాలేదు మే. ఆ పొద్దు వాన రాలేదు. అన్నీ దించినా, మళ్లా అన్నీ ఎక్కిచ్చినా. ఆయన్ని తిట్టుకుంటా, మెట్లెక్కుతా... ఆడే ఉండాడా? అట్లనే అంటుండాడా? 'ఎత్తెయ్' అనేటప్పుడు రవంత సాగదీస్తాడు సూడు... ఆ, అదే, అదే.

సల్లంగుండు నా తల్లీ. నీ చెవులు నిండు నూరేండ్లు సల్లంగుండ. మొదుటి నుంచి పెట్టు. నాకు ఇనపడదులే, నువ్వు ఇని నాకు చెప్పు. మునిరత్నం మాదిరి సొంతం మాత్రం కలపొద్దు.