కడిగిన కొత్తిమీర

వేమూరు రోడ్డు పక్కన ఆకుకూరలమ్మే ఆమె దగ్గరికి పది రోజుల తర్వాత టీచరమ్మ వచ్చింది.

"ఏంటి టీచరమ్మా, కనపడ్డమే మానేశారు? కొత్తిమీర తాజాగా ఉందండి."

"మా పాప గుంటూరు ఆసుపత్రిలో ఉంది. నీ దగ్గర కొన్న కొత్తిమీరే పచ్చిగా పెరుగులో వేసి పెట్టాను. అది తిన్నాకే రక్త విరేచనాలు పట్టుకున్నాయి. ఇప్పుడు కిడ్నీలు దెబ్బతిన్నాయంటున్నారు."

"అయ్యో తల్లీ!"

"నువ్వు ఏ నీళ్ళతో కడుగుతావు?"

"ఈ మురుక్కాలవలోనేనండి. మట్టి కనపడితే ఎవరూ కొనరు కదా."

"మీ ఇంట్లోనూ ఇదే తింటారా?"

"లేదండి. మాకు కావలసింది చేలోనే బోరు నీళ్ళతో కడిగి పక్కన పెట్టుకుంటాను."

"మరి మా పిల్లలు?"

"మీరెలాగూ ఇంటికెళ్ళి కడుక్కుంటారనుకున్నానమ్మా."

టీచరమ్మ ఒక కొత్తిమీర కట్ట చేతిలోకి తీసుకుంది.

"నేను కడగలేదు. నిగనిగలాడుతుంటే, నువ్వు కడిగావు కదా అనుకున్నాను."