పత్తిచేన్ల హాజరు

నా రిటైర్మెంటు సభకు పెద్దగ కూసున్న ప్రిన్సిపాల్ చంద్రమోహన్ గారికి, ఈ జనగామ దూరవిద్య కేంద్రంల ముప్పై ఏండ్లు నాతోని చాయ్ పంచుకున్న తోటి పనోళ్లకు, బస్సులు పట్టుకొని వచ్చిన నా విద్యార్థులకు ఈ మున్నవర్ బేగం సలాములు, నమస్కారాలు. సార్ నన్ను మస్తు పొగిడిండ్రు. గింత మంచిదాన్నని ముందే చెప్తే జర కోపం తగ్గించుకుందును గదా. (నవ్వులు)

పాతరోజుల్ల ఆదివారం క్లాసంటే గీ హాలే. పుష్‌పుల్ రైలు ఆలస్యమైతే చెమటలతోని ఉరికొచ్చి తలుపు కాడ నిలబడేటోళ్లు, మొహం చూస్తనే ఎవరు తిన్నరో ఎవరు తినలేదో నాకు తెలిసేది. కరోనా వచ్చి క్లాసులు ఫోన్లకెక్కినయి, మొహాలు పోయి ఉత్త పేర్లు మిగిలినయి. మొదటి రోజే గట్టిగ చెప్పిన, మైకులు బందు పెట్టుండ్రి, చప్పుడైతే బయటికి పంపుత, పేరు పిలిస్తే మాత్రం పలకాలె అని.

దేవరుప్పుల నుంచి ఓదెమ్మ అని ఇద్దరు పిల్లల తల్లి చేరింది. నలభై ఒక్క రోజులు పిలిచిన, ఒక్కనాడు పలుకలే. ఫోన్ పెట్టి పండుకుంటున్నదని గైర్హాజరు రాసిన. హాజరు చాలక పరీక్షకు ఆమె పేరు పోలే. "రోజు పలికిన మేడం" అనుకుంట వస్తే, "నాకే అబద్ధాలు చెప్తవా" అని ఎల్లగొట్టిన. షాహిద్, నువ్వు తల దించకు బిడ్డా, మన ఆఫీసు కంప్యూటర్ల హాజరు లెక్క తీసింది నువ్వైనా గైర్హాజరు రాసింది నేనే.

కానీ మనసుల గుచ్చుకున్నది. పరీక్ష పోయినా ఆమె క్లాసు ఇడువలేదని తెలిసి, ఒకనాడు షాహిద్‌ను పేర్లు పిలువుమని దేవరుప్పుల పోయిన. పత్తి ఏరుతున్నది, రెండు చేతులు పత్తిలనే, ఫోన్ నడుముకు కట్టిన ఒడిల ఉన్నది. పేరు వినపడంగనే నిటారుగ నిలబడి, పిలిచింది షాహిదైనా "ఉన్న మేడం" అన్నది. "రోజు గిదే లొల్లి, మాకు సుత పాఠాలు వచ్చేసినయి" అని పక్క సాళ్ల ఆడోళ్లు నవ్విండ్రు. ఒడిలకెళ్లి ఫోన్ తీసి చూస్తే మైకు బందే ఉన్నది. బందు పెట్టుమన్నది నేను, పలికేటప్పుడు తెరువుమని చెప్పనిది నేను. చేనంత విన్న మాట నేను వినలే.

చేతులు పట్టుకొని మాఫీ అడిగిన. గడువు దాటింది, ఆమెకు ఏడాది పోయింది. ఆ ఏడాదిని నేనెక్కడికెళ్లి తెచ్చిస్త? ఆనాటి నుంచి పలకనోళ్లకు నేనే సాయంత్రం ఫోన్ చేసి, ఇయ్యాల ఏం విన్నవని అడుగుడు పెట్టుకున్న. ఓదెమ్మ మల్లా రాసి పాసైంది. ఇప్పుడు మన కేంద్రంల హాజరుపట్టీ ఆమె చేతులనే ఉన్నది. అగో, మూడో వరుసల కూసున్నది.

అందరికీ షుక్రియా. ఓదెమ్మా, జర లే. నా పేరు ఒక్కసారి పిలువు.

(ఓదెమ్మ: "మున్నవర్ బేగం మేడం.")

ఉన్నమ్మా. రేపటి నుంచి గైర్హాజరు రాసుకో. ఇగ సెలవు.