ఒత్తి ఎటు తిప్పాలి

ఈ సంగతి నాకు మొట్టమొదట చెప్పింది గడియారాలు బాగుచేసే ఆయన భార్య. మా మేనత్త చెప్పలేదు, తన గొప్ప తను చెప్పుకునే మనిషి కాదు. కూర్చో అమ్మడూ. అచ్చుకెళ్ళే ముందు చూడమని నువ్విచ్చిన పండగ సంచిక కాగితాలు చదివాలే. కూడబలుక్కునేసరికి పొద్దున్నంతా పట్టింది. దీపావళికి మన మేడలో మొదటి దీపం ఒత్తి ఉత్తరానికి తిప్పేది లక్ష్మి అటునుంచి వస్తుందనట, ఆ పద్ధతి పెట్టింది మన మేడ సంఘం అధ్యక్షుడి తండ్రట. అది చదివాక కాఫీ కూడా సయించలేదు.

మేనత్త బట్టలు కుట్టేది. నన్ను పెంచిందీ ఆవిడే. కుట్టు వెంట్రుకవాసి వంకరపోయినా మొత్తం విప్పేసేది. నాకూ ఆ బుద్ధే వచ్చింది, మీ నాయనమ్మ వేగలేకపోయేదనుకో. ఎక్కడున్నా? ఆఁ, ఎదురు గుమ్మం గడియారాలాయన ఆ ఏడే పోయాడు. ఏడాది తిరగని ఇంట్లో పండగ లేదు కదా, గుమ్మంలో దీపం పెట్టకూడదు. ఆయన భార్య తలుపేసుకుని కూర్చుంది. మేనత్త మా గుమ్మంలోనే ప్రమిద పెట్టి, ఒత్తి ఆవిడ తలుపుకేసి తిప్పింది. "వదినా, తలుపు కాస్త తీసిపెట్టు. దీపం నాది, నువ్వు పెట్టినట్టు కాదు. వెలుతురుకి మైలేమిటి?" అందట. ఇక మీ అధ్యక్షుడి తండ్రి, మెట్లమీద నిలబడి, "కుట్టుపని చేసుకునేదానివి, నీకెందుకమ్మా శాస్త్రాలు? లక్ష్మిని మైల గుమ్మానికి తిప్పుతావా? మేడంతటికీ అరిష్టం" అన్నాడు. "మీవైపు తిప్పనులెండి, మీ కళ్ళల్లో నిప్పులు కురుస్తూనే ఉన్నాయి" అంది మేనత్త. ఆయన్ని నేను పోయేదాకా పలకరించలేదు. ఆయన పోయేదాకా అంటున్నా, నేను కాదు. పోయాక చూడ్డానిక్కూడా వెళ్ళలేదు.

మరుసటేడు పై అంతస్తు కోడలు అటే తిప్పింది, ఆ తర్వాత అందరూ. గడియారాలాయన భార్య తలుపు ఉత్తరాన ఉంది, అంతే. ఆవిడ ఖాళీ చేసి వెళ్ళిపోయినా ఒత్తులు అటే మిగిలిపోయాయి. ఎందుకో అడిగినవాడు లేడు. ఈ ఏడు పండగ లేనిది ఎవరికి? మన పక్కింటి టీచరమ్మకి. ఆవిడ తలుపు దక్షిణాన. నీ కాగితం చదివి మేడ మేడంతా ఆవిడకి వీపు తిప్పి దీపాలు పెడతారు. గొడవెందుకంటావా? గొడవ నాకు వదిలెయ్, నువ్వు రాయి. ఆ తండ్రి మాట కొట్టెయ్. బట్టలు కుట్టే ఆవిడ అని పెట్టు. ఉత్తరం అన్నచోట, పండగ లేని గుమ్మానికేసి అని రాయి. రాసి ఒకసారి పైకి చదువు.